ఆ పచ్చ బటన్ దగ్గర కాస్త ఆగు

అమ్మలూ,

నువ్వు ఉద్యోగం మానేసి చుక్కలు కలిపి ముగ్గులు వేసే ఫోన్ గేమ్ చేస్తున్నావని నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి చెప్పింది. "ఆటలకి డబ్బులెవరిస్తార్రా?" అని ఒకటే టెన్షన్ పడుతోంది. ఇస్తారని నాకు తెలుసు. నా భయమూ అదే. చిన్నప్పుడు క్యాలెండర్ కాగితం వెనక వైకుంఠపాళి గీసి, పాములన్నిటికీ పేర్లు పెట్టిన పిల్లవి నువ్వు. నీ చేతిలో మంచి ఆట తయారవుతుందన్నదాంట్లో నాకు అనుమానం లేదు. అక్కతో నేను మాట్లాడతాలే.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. కరెంట్ అకౌంట్ విడిగా తెరువు, జీఎస్టీ గొడవ ఆడిటర్‌కి వదిలెయ్. ఆటను చవక ఫోన్‌లో కూడా ఆడి చూడు. యాప్‌ల మీద ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటని చిన్నవాళ్ల దగ్గర యాపిల్ 2021 నుంచి అమ్మకాల్లో కమీషన్‌గా 30 శాతం బదులు 15 శాతమే తీసుకుంటోంది, కానీ దానికి మనమే అప్లై చేసుకోవాలి. డబ్బు కట్టి డబ్బు గెలుచుకునే ఆటల జోలికి మాత్రం పోకు, 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి వాటిని నిషేధించింది. నీ ఆటలో కొన్న కాయిన్లు మళ్లీ రూపాయలుగా మారే దారి ఏ మూలా ఉండకూడదు.

వందమంది ఆడితే డబ్బు పెట్టేది ఇద్దరో ముగ్గురో. ఆ ఇద్దరు ముగ్గురి గురించే ఈ ఉత్తరం.

2013లో నేను మాదాపూర్‌లో ఒక స్టూడియోలో ఉన్నాను. క్యాండీ క్రష్ ఊపు మీదున్న రోజులు. అయిదు లైఫ్‌లు, అయిపోతే ఒక్కోటి రావడానికి అరగంట. మేమూ అలాగే పళ్లు కలిపే ఆట చేశాం. లెవెల్స్ కట్టే పని నాది. ఒక లెవెల్లో మూవ్స్, అంటే పళ్లు జరపడానికి ఇచ్చే ఛాన్సులు, 28 నుంచి 25కి తగ్గించాను. అంతే, చాలామంది ఒక్క పండు మిగిలి ఓడిపోవడం మొదలెట్టారు. సరిగ్గా అప్పుడు తెర మధ్యలో పెద్ద పచ్చ బటన్ వచ్చేది: ఇంకో అయిదు మూవ్స్, 99 సెంట్లు. మూసే ఇంటూ గుర్తును బూడిద రంగులో, వేలికి దొరకనంత చిన్నగా పెట్టాను. కలెక్షన్ ఒక్కసారిగా పెరిగింది. ఆఫీసులో బిర్యానీ తెప్పించారు, అందరూ నా భుజం తట్టారు.

కొన్నాళ్లకి అమెరికా నుంచి ఒకావిడ మెయిల్ రాసింది. భర్త హాస్పిటల్లో ఉంటే రాత్రిళ్లు మంచం పక్కన కూర్చుని మా ఆట ఆడిందట. నెలలో నాలుగు వందల డాలర్లు పోయాయట. ఒక్క పండే కదా, ఒక్క పండే కదా అనుకుంటూ నొక్కానంది. ఆవిడ ఎప్పుడేం నొక్కిందో మా దగ్గర రికార్డయిన లాగ్ తీసి చూశాను. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు దాకా, అదే లెవెల్, పదిహేడు సార్లు పచ్చ బటన్. అంతా చూసి, డబ్బు వాపసు ఇవ్వడం కుదరదన్న రెడీమేడ్ జవాబు పంపించి ఇంటికెళ్లిపోయాను.

ఆ రాత్రి నాన్న గుర్తొచ్చాడు. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. క్లబ్బులో పేకాటకి కాలవగట్టు పక్క ఎకరంన్నర పోయింది. అక్కా నేనూ భోజనానికి పిలవడానికి వెళ్తే, ముక్కల మీంచి కళ్లెత్తకుండా "ఇదొక్క ఆటరా" అనేవాడు. ఆ గుమ్మం దగ్గర ఇద్దరం ఒంటికాలి మీద మార్చి మార్చి నిలబడేవాళ్లం. ఆ మాట వింటేనే హడలిపోతూ పెరిగినవాణ్ని, అదే మాటకి బటన్ చేసి పెట్టాను. ఆ తర్వాత రెండేళ్లు అక్కడే జీతం తీసుకున్నాను. లెవెల్ మారుద్దామని ఒక్క మీటింగ్‌లో కూడా నోరు విప్పలేదు. ఆవిడకి మళ్లీ రాయలేదు.

కాబట్టి మావయ్య చాదస్తం అనుకోకు. నీ ఇంటూ గుర్తు కొనే బటన్ అంత పెద్దగా ఉండాలి. రోజుకి ఇంతకన్నా ఖర్చుపెట్టనివ్వను అని ఒక హద్దు మొదటి రోజే కోడ్‌లో రాసెయ్, డబ్బు రావడం మొదలయ్యాక చేతులు రావు. రాత్రి పది దాటితే ఆఫర్ నోటిఫికేషన్లు పంపకు. "ఇంకా పది నిమిషాలే" అని అబద్ధపు గడియారం పెట్టకు, మన దేశంలో 2023 నిబంధనల ప్రకారం అదీ తప్పే. పిల్లల చేతిలో ఉండేది నాన్న ఫోనే. పిల్లలు అడక్కుండా కొన్నవాటికి 2014లో అమెరికాలో యాపిల్ అంతటిది కనీసం 3.25 కోట్ల డాలర్లు వెనక్కివ్వాల్సి వచ్చింది.

మరి ఏం అమ్మాలంటావా? రథం ముగ్గు అమ్ము. రంగులు అమ్ము. ఒక్కసారి కడితే యాడ్స్ పోయే ప్యాక్ పెట్టు. ఓడిపోయినవాళ్లకి కాదు, మంచి ముగ్గు వేసి ముచ్చటపడి చూసుకుంటున్నవాళ్లకి చూపించు. కలెక్షన్ నెమ్మదిగా వస్తుంది, ఆర్నెల్లకి సరిపడా ఖర్చు చేతిలో ఉంచుకో. తక్కువైతే నన్నడుగు, బయట అప్పు చేశావంటే మాత్రం ఊరుకోను.

ఆదివారానికి ఆట ఎంతవరకు అయితే అంతవరకు, ఫోన్లో ఆడేలా బిల్డ్ చేసి పంపు. అత్తయ్య పాత ఫోన్లో ఇద్దరం ఆడతాం. ముగ్గుల్లో తప్పులు తను చూస్తుంది, ఆ బటన్ సంగతి నేను చూస్తాను.

మావయ్య