ప్రశ్న – జవాబు: ఓనర్‌కు మాత్రమే లోబడే స్మార్ట్ కాంట్రాక్టు

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థిని. హాస్టల్ మెస్ నిధి కోసం సాలిడిటీ భాషలో ఒక స్మార్ట్ కాంట్రాక్టు (బ్లాక్‌చైన్‌పై నడిచే ప్రోగ్రాం) రాసి, ఈథీరియం ప్రయోగ నెట్‌వర్క్ అయిన సెపోలియా టెస్ట్‌నెట్‌లో డిప్లాయ్ చేశాను. డబ్బు ఎవరైనా జమ చేయవచ్చు గాని, సరుకుల వర్తకుడికి చెల్లించే 'పే' ఫంక్షన్‌ను ఓనర్ మాత్రమే కాల్ చేయగలిగేలా ఓన్లీఓనర్ మాడిఫయర్ (ఫంక్షన్‌కు తగిలించే తనిఖీ) పెట్టాను. కోడ్ చూసిన మా గైడు "ఇది చాలదు, మళ్లీ చదువు" అన్నారు. తనిఖీలో ఎంఎస్‌జి.సెండర్ బదులు టీఎక్స్.ఆరిజిన్ వాడితే గట్టిగా ఉంటుందని మిత్రుడొకడు అంటున్నాడు. కోడ్ జతచేశాను. లోపం ఎక్కడుందో చెప్పగలరా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ కోడ్ మొదటి నుంచి చివరి వరకు చదివాను. 'పే' ఫంక్షన్‌కు మీరు పెట్టిన కాపలా సరిగ్గానే ఉంది. కన్‌స్ట్రక్టర్‌లో, అంటే డిప్లాయ్ చేసేటప్పుడు ఒక్కసారే నడిచే కోడ్‌లో, కాంట్రాక్టును డిప్లాయ్ చేసిన అడ్రస్‌ను ఓనర్‌గా రాసుకున్నారు. మాడిఫయర్‌లో, కాల్ చేసిన అడ్రస్ ఓనర్‌తో సరిపోలకపోతే లావాదేవీ రద్దయ్యేలా రిక్వైర్ పెట్టి, దాని కింద అండర్‌స్కోర్ ఉంచారు. ఫంక్షన్‌లోని అసలు కోడ్ ఆ చిన్న గీత ఉన్న చోటికి వచ్చి కూర్చుంటుంది కాబట్టి, తనిఖీ దానికి పైన ఉండటమే పద్ధతి.

లోపం మరో ఇరవై వరుసల కింద ఉంది. మెస్ కార్యదర్శి మారినప్పుడు పనికివస్తుందని మీరు రాసుకున్న 'చేంజ్‌ఓనర్' ఫంక్షన్‌కు పబ్లిక్ అని ఉంది గాని, ఓన్లీఓనర్ లేదు. ఏ అపరిచితుడైనా తన అడ్రస్ ఇచ్చి దాన్ని కాల్ చేస్తే ఓనర్ అతడే అవుతాడు; ఆ తర్వాత మీ 'పే' ఫంక్షన్ అతడి మాట విని మీ మాట వినడం మానేస్తుంది. కాంట్రాక్టు లెక్కలో అక్కడ దొంగతనమేమీ జరగలేదు, ఓనర్ డబ్బు తీసుకున్నాడంతే. అందుకే, డబ్బు బయటికి వెళ్లే ఫంక్షన్ కంటే ఓనర్ పేరును రాసే ఫంక్షన్‌నే ముందుగా పరీక్షించాలని నా గట్టి అభిప్రాయం. కోడ్‌లో ఓనర్ అన్న వేరియబుల్‌కు విలువ ఇచ్చే ప్రతి వరుసనూ వెతికి పట్టుకుని, అక్కడికి ఎవరెవరు చేరగలరో ఒక్కొక్కటిగా చూసుకోండి.

ఇది విద్యార్థులకు మాత్రమే జరిగే పొరపాటు కాదు. 2016లో ఈథీరియంపై రూబిక్సీ అనే కాంట్రాక్టు ఉండేది. దాని మొదటి పేరు డైనమిక్‌పిరమిడ్. అప్పటి సాలిడిటీలో కాంట్రాక్టు పేరే కన్‌స్ట్రక్టర్‌కూ ఉండాలి. కాంట్రాక్టు పేరు మార్చినవారు కన్‌స్ట్రక్టర్ పేరు మార్చడం మరిచిపోవడంతో అది ఎవరైనా కాల్ చేయగల మామూలు ఫంక్షన్‌గా మిగిలిపోయింది. కాల్ చేసినవారల్లా ఓనర్లయ్యారు. కన్‌స్ట్రక్టర్ అన్న ప్రత్యేక పదం 2018లో 0.4.22 వెర్షన్‌తో భాషలోకి రావడం, 0.5.0 నుంచి అదే తప్పనిసరి కావడం వల్ల ఈ ఒక్క ప్రమాదం మాత్రం తొలగిపోయింది.

మీ మిత్రుడి సలహా పాటించకండి. ఎంఎస్‌జి.సెండర్ అంటే ఫంక్షన్‌ను నేరుగా కాల్ చేసిన అడ్రస్, టీఎక్స్.ఆరిజిన్ అంటే లావాదేవీకి మొట్టమొదట సంతకం చేసిన అడ్రస్. ఉచితంగా టోకెన్లు ఇస్తామన్న ఒక పేజీలో మీరు బటన్ నొక్కి సంతకం చేశారనుకోండి. వారి కాంట్రాక్టు లోపలి నుంచి మీ 'పే' ఫంక్షన్‌ను కాల్ చేస్తే, మొదటి సంతకం మీదే కాబట్టి టీఎక్స్.ఆరిజిన్ తనిఖీ అడ్డుచెప్పదు. ఎంఎస్‌జి.సెండర్ తనిఖీకి మాత్రం ఎదురుగా కనిపించేది ఆ పరాయి కాంట్రాక్టు అడ్రస్, కనుక లావాదేవీ అక్కడే ఆగిపోతుంది.

సొంతంగా రాయడం నేర్చుకోవడానికి మంచిదే గాని, డబ్బు నిలిచే కాంట్రాక్టులో ఓపెన్‌జెపెలిన్ వారి కోడ్ లైబ్రరీలోని ఓనబుల్2స్టెప్ వాడండి. అందులో పాత ఓనర్ పేరు ప్రతిపాదిస్తే చాలదు, కొత్త ఓనర్ తన అడ్రస్ నుంచి అంగీకరించాలి. అడ్రస్‌లో ఒక అక్షరం తప్పు పడినా నిధి ఎవరిదో తెలియని చోటికి పోదు. దానితోపాటే వచ్చే రినౌన్స్‌ఓనర్‌షిప్ ఫంక్షన్ విషయంలో జాగ్రత్త అవసరం: దాన్ని కాల్ చేస్తే ఓనర్ స్థానంలో సున్నా అడ్రస్ చేరి, మీ మెస్ నిధిని ఎవరూ ఎన్నటికీ తీయలేరు. సవరించాక, ఓనర్ కాని రెండో ఖాతాతో, విలువలు మార్చే ప్రతి ఫంక్షన్‌నూ కాల్ చేసి, జమ తప్ప అన్నీ రివర్ట్ (రద్దు) అవుతున్నాయని టెస్టులో నిరూపించి మీ గైడుకు చూపండి.

ప్రశ్న: మేము ప్రాక్సీ పద్ధతిలో అప్‌గ్రేడ్ చేయగల కాంట్రాక్టు రాస్తున్నాం. ఇందులో కన్‌స్ట్రక్టర్ పనికిరాదని అంటున్నారు. మరి ఓనర్‌ను ఎలా నిర్ణయించాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఈ పద్ధతిలో విలువలు ప్రాక్సీ కాంట్రాక్టులో, నడిచే కోడ్ విడిగా లాజిక్ కాంట్రాక్టులో ఉంటాయి. కన్‌స్ట్రక్టర్ రాసే విలువలు లాజిక్ కాంట్రాక్టు స్టోరేజీలోనే ఉండిపోతాయి, ప్రాక్సీకి చేరవు. అందువల్ల ఇనిషియలైజ్ అనే ఫంక్షన్‌లో ఓనర్‌ను నమోదు చేసి, అది ఒక్కసారే నడిచేలా ఇనిషియలైజర్ మాడిఫయర్ పెడతారు. ప్రాక్సీని డిప్లాయ్ చేసే లావాదేవీలోనే దాన్ని కాల్ చేయాలి. రేపు చేద్దామని వదిలితే ఈలోగా మరొకరు చేసేస్తారు.

ఇంతటితో ఆగకూడదని పారిటీ సంస్థ మల్టీసిగ్ (ఒకరికి మించి సంతకాలు కావలసిన) వాలెట్ల ఉదంతం చెబుతుంది. 2017 జూలైలో, ఓనర్లను నమోదు చేసే ఇనిట్‌వాలెట్ ఫంక్షన్‌ను బయటివారు మళ్లీ కాల్ చేయగలగడంతో సుమారు 1,50,000 ఈథర్ (ఈథీరియం నాణెం) పోయింది. వెంటనే, ఒకసారి నమోదైతే మళ్లీ కాకూడదన్న తనిఖీ చేర్చారు. తనిఖీ సరైనదే. కాని వాలెట్లన్నీ ఆధారపడిన లైబ్రరీ కాంట్రాక్టుకు సొంతంగా ఓనర్‌ను ఎవరూ నమోదు చేయలేదు. నవంబరు 6న ఎవరో ఆ లైబ్రరీలోనే ఇనిట్‌వాలెట్‌ను కాల్ చేసి ఓనరై, ఆపై కిల్ ఫంక్షన్‌ను కాల్ చేయగా లైబ్రరీ చెరిగిపోయింది. 587 వాలెట్లలోని 5,13,774 ఈథర్ స్తంభించిపోయింది. దాన్ని విడిపించాలని 2018లో వచ్చిన ఈఐపీ-999 ప్రతిపాదన అమలు కాలేదు. మీ లాజిక్ కాంట్రాక్టులో ఇనిషియలైజ్‌ను బయటివారు నేరుగా నడపలేకుండా, దాని కన్‌స్ట్రక్టర్‌లో డిజేబుల్‌ఇనిషియలైజర్స్ అన్న ఒక్క వరుస తప్పక రాయండి.

ప్రశ్న: ఓనర్ అడ్రస్ బదులు ఒక పాస్‌వర్డ్‌ను ప్రైవేట్ వేరియబుల్‌లో దాచి, అది చెప్పినవారినే అనుమతించవచ్చా? ఓనర్ ఖాతా కీ (సంతకానికి వాడే రహస్య సంఖ్య) ఎక్కడ ఉంచాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కూడదు. ప్రైవేట్ అన్న మాట ఇతర కాంట్రాక్టులు చదవకుండా ఆపుతుందే గాని, చైన్‌పై ఉన్న స్టోరేజీని మనుషులెవరైనా చదవగలరు. మీరు పాస్‌వర్డ్ పంపిన లావాదేవీ కూడా బహిరంగమే.

కీ విషయానికి వస్తే, నిధి పెద్దదైతే ఓనర్ స్థానంలో సేఫ్ వంటి మల్టీసిగ్ వాలెట్‌ను ఉంచి, ముగ్గురిలో ఇద్దరి సంతకం ఉండాలన్న నియమం పెట్టండి. ఆ ముగ్గురి కీలు ఒకే కార్యాలయంలో ఉండకూడదు. 2022 మార్చిలో రోనిన్ బ్రిడ్జి (రెండు చైన్ల మధ్య నిధులు మార్చే వ్యవస్థ) నుంచి 1,73,600 ఈథర్, 2.55 కోట్ల యూఎస్‌డీసీ (డాలరు విలువతో ముడిపడిన నాణెం) పోయినప్పుడు, తొమ్మిదింటిలో అయిదు సంతకాలు చాలన్న నియమం ఉండగా, వాటిలో నాలుగు కీలు ఒకే సంస్థ దగ్గర ఉన్నాయి. మీ కీని ఇప్పటికే కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లో పెట్టి ఉంటే, ఫైలు తీసేసినా పాత కమిట్‌లో అది మిగిలే ఉంటుంది; కొత్త ఖాతా తెరిచి, ఓనర్‌షిప్‌ను ఈరోజే దానికి మార్చండి.