కన్వర్టిబుళ్లు కొత్తవి ఎందుకు తగ్గాయి, పాతదైతే ఏం చూడాలి

కొత్త కన్వర్టిబుళ్లు (పైకప్పు మడిచి తెరుచుకునే కార్లు) ఎందుకు కనబడటం లేదు, పాతది కొంటే నీళ్లు కారతాయా అని అడిగారు. మొదటిదానికి ప్రధాన కారణం బాడీయే. పైకప్పు తీసేస్తే కారు మెలితిరగకుండా ఆపే గట్టిదనం చాలావరకు పోతుంది. అందుకని డోర్ల కింది సిల్స్, విండ్‌షీల్డ్ ఫ్రేమ్ బలపరచాలి, అడుగున బ్రేసులు (బిగింపు కడ్డీలు) వెయ్యాలి. బరువు పెరుగుతుంది, డిక్కీ చిన్నదవుతుంది. ఆ ఖర్చంతా కొద్దిపాటి అమ్మకాల మీదే రాబట్టాలి. పైగా కొనేవాళ్లు ఎస్‌యూవీల వైపు మళ్లారు. మెర్సిడెస్ తన సీ-క్లాస్, ఈ-క్లాస్‌ల కూపే (గట్టి పైకప్పున్న రెండు డోర్ల కారు), కన్వర్టిబుళ్ల స్థానంలో 2023లో సీఎల్ఈ ఒక్కటే తెచ్చింది. 1989లో మొదలైన మజ్దా ఎమ్‌ఎక్స్-5 మాత్రం ఇప్పటికీ వస్తోంది. అది మొదటి నుంచీ ఓపెన్ కారుగానే గీసిన డిజైన్, నా దృష్టిలో అదే దాని బలం.



ఇక పాతది. టాప్ (మడిచే పైకప్పు) మూసి, పైపుతో 10 నిమిషాలు నీళ్లు పట్టండి. ప్రెషర్ వాషర్ వద్దు, సీళ్లు (అంచుల రబ్బర్లు) బాగున్నా నీళ్లు లోపలికి కొడుతుంది. తర్వాత సీట్ల వెనక కార్పెట్ ఎత్తి, కింది ఫోమ్‌ని చేత్తో నొక్కి చూడండి. పైన పొడిగా ఉన్నా తడి అందులోనే దాక్కుంటుంది. తడి తగిలితే వెంటనే టాప్ మార్చాలనుకోకండి. చాలాసార్లు టాప్ మడిచే చోట ఉండే డ్రెయిన్ గొట్టాలు ఆకులు, మట్టితో పూడుకుపోయి ఉంటాయి. మెత్తటి నైలాన్ తీగతో మెల్లగా పొడవండి. ఇనప తీగ గొట్టాన్ని చీలుస్తుంది, కంప్రెసర్ గాలి జాయింటు ఊడదీస్తుంది. ఆ తర్వాత ఆ గొట్టంలో ఒక గ్లాసు నీళ్లు పోస్తే కారు కింద ధారగా పడాలి.