బందరంటే లడ్డూ ఒక్కటే కాదండీ

"మీ ఊరి చరిత్రలో బయటివాళ్ళకి తెలియని సంగతి ఏమిటి?" అని అడిగారు. మాది బందరు, అదే మచిలీపట్నం. ఆ మాట అనగానే "ఓ, లడ్డూ!" అంటారు. లడ్డూ మంచిదే, కాదనను. విజయవాడ వాళ్ళకైతే బందరంటే ఒక రోడ్డు, అంతే.

నన్నడిగితే మా ఊరి చరిత్రంతా పేటల పేర్లలోనే ఉంది. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట. చిన్నప్పుడు ఇవి మాకు రిక్షా దిగే చోట్లు మాత్రమే. పరాసులంటే ఫ్రెంచివాళ్ళనీ, వలందలంటే హాలెండు నుంచి వచ్చిన డచ్చివాళ్ళనీ ఇంటర్‌కి వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. బడిలో చెప్పింది ఒక్క ముక్క: 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో ఫ్యాక్టరీ పెట్టారు. ఫ్యాక్టరీ అనగానే మేం పొగగొట్టం ఊహించుకున్నాం. అది అద్దకం బట్టలు కొని, ఓడకెక్కించేదాకా దాచుకునే గిడ్డంగి అని ఒక్క మాట చెబితే మాస్టారి సొమ్మేం పోయేది? డచ్చివాళ్ళు వీళ్ళకంటే ముందే వచ్చి కూర్చున్నారన్న ఊసే లేదు.

ఒక సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా మేనత్త కొడుకు వచ్చాడు. మంగినపూడి సముద్రం చూసేశాక "ఇంకేముందిరా మీ ఊళ్ళో?" అన్నాడు. పౌరుషం వచ్చి, సైకిల్ మీద డబుల్స్ తొక్కుకుంటూ డచ్చి సమాధుల దగ్గరికి తీసుకెళ్ళా. గేటుకి తాళం. "ఆయన టీకి వెళ్ళాడు, కూర్చోండి బాబూ" అంది పక్కింటి పెద్దావిడ. అరగంట కూర్చున్నాం. లోపల మోకాళ్ళ దాకా గడ్డి. మంచమంత రాతి పలకలు. వాటిమీద అక్షరాలు లోపలికి చెక్కినవి కావు, చుట్టూ రాయి తొలిచి పైకి తేల్చినవి. కళ్ళు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తాయి. "ఇది ఇంగ్లీషు కాదురా" అన్నాడు మావాడు. మాకు అర్థమైనవి అంకెలే. 16తో మొదలయ్యే సంవత్సరం. గోల్కొండ నవాబుల రేవుగా బందరు వెలిగిపోయిన శతాబ్దం అది. ఎండకి వెచ్చబడ్డ ఒక పలక మీద మేక పడుకుని ఉంది. ఎంత అదిలించినా లేవలేదు.

ఇంటికొచ్చి చెబితే తాతయ్య నవ్వాడు. "మనకి ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చిందా, ఈ ఊళ్ళోనే ఫ్రెంచివాళ్ళ ముక్కకి అక్టోబరు దాకా రాలేదు, తెలుసా?" అన్నాడు. కోతలనుకున్నా. చాన్నాళ్ళకి చూస్తే నిజమే, 1947 అక్టోబరు 6న అప్పగించారు.

ఇక ఊరు ఎందుకు చితికిపోయిందంటే, వ్యాపారమంతా మద్రాసుకి తరలిపోయిందని అందరూ చెబుతారు. నా లెక్కలో అసలు దెబ్బ 1864 నవంబరు 1 నాటి ఉప్పెన. సుమారు 30,000 మంది పోయారు. మా నాయనమ్మ కళ్ళారా చూసింది 1977 దివిసీమ ఉప్పెనే గానీ, ఆ పాతదాన్ని కూడా తనే చూసినట్టు చెప్పేది.

ఇప్పుడు ఎవర్ని కదిపినా బందరు పోర్టు, బందరు పోర్టు. పారశీకంలో బందరంటేనే రేవు, కాబట్టి మనం అంటున్నది రేవు రేవు అని. సరే, అదీ రానివ్వండి. మొన్న వెళ్ళినప్పుడు ఆటో అతన్ని డచ్చి సమాధులకి పోనివ్వమన్నా. "తెలుసు సార్" అని బేరం కూడా ఆడకుండా ఎక్కించుకుని, తీరా తీసుకెళ్ళి మామూలు క్రైస్తవుల శ్మశానం దగ్గర దింపాడు.