ఎండలకి నాన్న నడక మానేశారంటే...

అన్నా, రిటైరయ్యాక మోకాళ్ల నొప్పులని, కర్నూలు ఎండలని మీ నాన్నగారు నడక మానేశారన్నారు. పూర్తిగా కూర్చోనివ్వద్దు. కదలకపోతే తొడ కండరాలు సన్నబడి మోకాళ్ల మీద భారం ఇంకా పెరుగుతుంది. పొద్దున ఆరుకల్లా తుంగభద్ర ఒడ్డున ఓ పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం విడతలుగా చేసినా లెక్కే.

నన్నడిగితే నేను ముందు కుర్చీ వ్యాయామమే చెప్తాను: చేతులు ఆనించకుండా లేవాలి, కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా నిదానంగా దిగాలి. కుర్చీ గోడకు ఆనించండి, ప్లాస్టిక్‌దైతే జారుతుంది. 65 దాటితే వారానికి మూడు రోజులు బ్యాలెన్స్ సాధనా కావాలి. కిటికీ ఊచ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమనండి. మోకాలు వాచి ఉంటే మాత్రం ముందు ఎముకల డాక్టరుకు చూపించండి.