పికప్ లేదని బోరు విప్పించకు అల్లుడూ

అల్లుడూ,

నీ టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్ బోరు, అంటే ఇంజన్లో పిస్టన్ ఆడే సిలిండర్, విప్పమని మెకానిక్కి ఇంకా మాట ఇవ్వలేదు కదా? ఇచ్చి ఉంటే ఇవాళే ఫోన్ చేసి ఆపు. పాల క్యాన్లు వేసుకుంటే కాలవ గట్టు ఎక్కట్లేదు, ఖాళీగా ఉన్నా మునుపటి ఊపు లేదు అన్నావు. బోరు పోయిందని మెకానిక్ అన్నాడు గానీ, అంతమాత్రానికే అలా ఎవరూ చెప్పలేరు. నిజంగా పోయినా అది చివర్న తేల్చుకోవాల్సిన సంగతి. నేను మెకానిక్ షెడ్డు నడిపిన రోజుల్లో పికప్ లేదని వచ్చిన ఎక్సెల్ బండ్లలో ఎక్కువ భాగం సైలెన్సర్ పైపు పూడుకుపోయినవో, ఫిల్టర్ మూసుకుపోయినవో, బ్రేకు పట్టేసినవో.

నీది ఎక్సెల్ సూపర్, టూ స్ట్రోక్, అంటే పెట్రోల్లో ఆయిలు కలిపి నడిపే ఇంజన్. 69.9 సీసీ, మూడున్నర హార్స్ పవర్, ఉన్నది ఒక్కటే గేరు. బైకయితే ఎత్తు రాగానే గేరు దించుకుంటాం. దీనికి ఆ వీల్లేదు. అందుకే ఇంజన్లో పిసరంత తేడా వచ్చినా గట్టు దగ్గర బయటపడుతుంది, సాఫు రోడ్డు మీద తెలియను కూడా తెలియదు.

పానా పట్టుకునే ముందు బండి ఎక్కి ఒకటి గమనించు. ఎక్సలేటర్ తిప్పితే ఇంజన్ మోత పెరుగుతోంది, బండి మాత్రం ముందుకు పోవట్లేదంటే ఇంజన్ ఊపుని చక్రానికి అందించే క్లచ్ షూలు జారుతున్నాయన్నమాట. అది షెడ్డులో చేయించాల్సిన పని, నువ్వు చెయ్యి పెట్టకు. మోతే పెరగకుండా బొంగురుపోయి గింజుకుంటోందంటే గాలి, పెట్రోలు, పొగపోయే దారి, ఈ మూడింట్లో ఒకటి, లేదా చక్రం పట్టేసి ఉండొచ్చు. స్టాండు మీద మాత్రం చూసి నిర్ణయానికి రావద్దు. బరువు లేకపోతే జబ్బు బండి కూడా జోరుగానే తిరుగుతుంది.

రెండు నిమిషాల్లో అయిపోయేవి ముందు చూసెయ్. స్టాండేసి వెనక చక్రం చేత్తో తిప్పు. కొంచెం తిరిగి టక్కున ఆగిపోతే బ్రేకు షూ పట్టి ఉంది, లేదా చైను మరీ బిగుతుగా ఉంది. బ్రేకు ఎక్కువ వాడకుండా కాసేపు తోలి దిగి, చక్రం మధ్యలో ఉండే హబ్బు మీద చెయ్యి పెట్టు. చుర్రుమంటే ఇంక అనుమానం లేదు. ముందు చక్రం కూడా అలాగే చూడు. టైర్లలో గాలి పంక్చర్ షాపులో కొలిపించు, బొటనవేలితో నొక్కి చూడటం నమ్మకు. ఎక్సలేటర్ వైరు సాగిపోయి ఉంటే నువ్వు పూర్తిగా తిప్పినా పెట్రోల్ని గాలిలో కలిపే కార్బరేటర్ లోపల దారి తెరిచే స్లైడు సగమే లేస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు వాడే చోక్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో కూడా చూసుకో.

ఇప్పుడు అసలు విషయం, సైలెన్సర్. నాకు అనుమానమంతా దాని మీదే. టూ స్ట్రోక్ ఇంజన్లో ఆయిలు పెట్రోలుతో పాటే కాలుతుంది. కాలగా మిగిలిన మసి పైపులోనూ, సిలిండర్ నుంచి పొగ బయటికొచ్చే పోర్టులోనూ పేరుకుంటుంది. నీలాగా బరువేసుకుని, ఆగి ఆగి, నెమ్మదిగా తోలేవాళ్ల బండ్లలో ఇంకా తొందరగా పేరుకుంటుంది. పాత పొగ పూర్తిగా పోతే తప్ప కొత్త పెట్రోలు, గాలి లోపలికి రావు. ముక్కు మూసి పరిగెత్తమన్నట్టే ఉంటుంది దాని పరిస్థితి.

తెలుసుకోవడం తేలిక. సిలిండర్ దగ్గర పైపు బిగింపు కొద్దిగా వదులు చేసి, పొగ అక్కడి నుంచి కూడా పోయేలా చేసి, ఊరి బయట కాసేపు తోలు. చెవులు చిల్లులు పడే మోత వస్తుంది, వచ్చినా ఫర్వాలేదు. ఆ కాసేపూ బండి హుషారుగా లాగిందంటే దొంగ దొరికినట్టే. మళ్లీ గట్టిగా బిగించి ఇంటికి రా.

శుభ్రం చేసేటప్పుడు ఇంజన్ చల్లారాక సైలెన్సర్ మొత్తం ఊడదియ్యి. చివరన జాలి ఉంటుంది, స్క్రూ తీసి లాగితే వస్తుంది. రాకపోతే కిరసనాయిల్లో ఒక రాత్రి నాననివ్వు. జాలి చిల్లుల్లో ఉన్న మసిని వైరు బ్రష్షుతో రాలగొట్టు. పైపు లోపలిదానికి కాస్టిక్ సోడా నీళ్లు పోసి ఓ పూట ఉంచితే మెత్తబడుతుంది. నీళ్లలో సోడా వెయ్యాలి గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు, ఎగజిమ్ముతుంది. చేతికి గ్లవుజులు, కళ్లకి అద్దాలు పెట్టుకో, పిల్లల్ని దగ్గరికి రానివ్వకు. ఆ సోడా నీరు అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి ఇంజన్ భాగాల దరిదాపులకి తీసుకెళ్లకు. తర్వాత నీళ్లతో బాగా కడిగి ఎండలో పెట్టు.

పోర్టు కూడా గోకాలి. నెమ్మదిగా కిక్ కదిపి పిస్టన్ని పైకి తెచ్చుకుంటే పిస్టన్ గోడే పోర్టుకి అడ్డుంటుంది, మసి లోపల పడదు. వెదురు పుల్ల చెక్కి దాంతో గోకు. స్క్రూడ్రైవర్ వద్దు, పిస్టన్ మీద గీత పడిందంటే లేని బోరు పనిని నువ్వే తెచ్చుకున్నవాడివవుతావు.

జాలి తీసి పారేస్తే పికప్ పెరుగుతుందని నీకు ఎవడో ఒకడు చెప్పే ఉంటాడు. వినకు. టూ స్ట్రోక్‌కి పైపు నుంచి వెనక్కొచ్చే ఒత్తిడి కొంత ఉండాలి. అది లేకపోతే కాలని పెట్రోలు కూడా పొగతో పాటు జారిపోతుంది. మోత పెరిగి పరుగు పెరిగినట్టు అనిపిస్తుంది గానీ గట్టు దగ్గర లాగే బలం ఇంకా తగ్గుతుంది.

మసి మళ్లీ పట్టకుండా ఉండాలంటే ఆయిలు కొలిచి పొయ్యి. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు, అంటే టూ స్ట్రోక్ బండ్ల ఆయిలు, యాభైకి ఒక వంతు. మన ఊళ్లో అందరూ కంటి అంచనాతో పోస్తారు, ఇంజన్ పట్టేస్తుందేమోనని ఇంకో గుక్క ఎక్కువే పోస్తారు. ఎక్కువ పోస్తే ఇంజన్‌కి మంచిదనుకుంటారు గానీ, కార్బరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి చిల్లు, జెట్టు గుండా వెళ్లేదాంట్లో ఆయిలు వాటా పెరిగిందంటే పెట్రోలు వాటా తగ్గినట్టే కదా. మసికి మసి, ఊపుకి ఊపు రెండూ పోతాయి. అలాగని మానేశావా, పిస్టన్ పట్టేస్తుంది. కారు ఆయిలు, వాడేసిన ఆయిలు అసలు పొయ్యకు.

స్పార్క్ ప్లగ్గు చూడటం నేర్చుకో. గట్టు మీద బరువుతో లాగిస్తూ ఉన్నచోటే ఇంజన్ ఆపేసి, కాస్త చల్లారాక విప్పు. ఇంట్లో ఎక్సలేటర్ తిప్పకుండా ఐడిల్లో పెట్టి విప్పితే అన్నీ నల్లగానే కనిపిస్తాయి. మూతి ఇటుక రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టి ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా చోక్ పడి ఉంది. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిలు ఎక్కువైంది. తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం భయపడాలి, పెట్రోలు చాలట్లేదు లేదా ఎక్కడో దొంగ గాలి లోపలికి పోతోంది. అలాంటి బండిని బరువుతో తోలకు. నిప్పురవ్వ పడే గ్యాపు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. గ్యాపు కొలిచే ఫీలర్ గేజ్ లేకపోతే హ్యాక్సా బ్లేడు మందం దాదాపు అంతే ఉంటుంది.

ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని కిరసనాయిల్లో పిండి, ఆరబెట్టి, రెండు చుక్కలు ఆయిలు పట్టించి మళ్లీ పిండి పెట్టు. మెలిపెట్టకు, చిరుగుతుంది.

కాసేపు బాగా లాగి, తర్వాత నీరసపడి ఆగిపోయి, పది నిమిషాలాగితే మళ్లీ లేస్తోందా? అయితే ట్యాంకు మూత తెరిచి చూడు. సుయ్‌మని గాలి పీల్చిందంటే మూతలో ఉన్న సన్నటి చిల్లు దుమ్ముతో పూడింది. గాలి లోపలికి పోయే దారి లేక పెట్రోలు దిగట్లేదు. సూదితో ఆ చిల్లు తియ్యి. కార్బరేటర్ జెట్టుకి మాత్రం సూది, వైరు వాడకు, చిల్లు పెద్దదైపోతే సరిచేయలేం. పెట్రోలుతో కడిగి గాలి కొట్టించు చాలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది నీటిని పీల్చుకుంటుంది, నీరెక్కువైతే విడిపోయి అడుక్కి చేరుతుంది. వానాకాలం వారాల తరబడి బండి ఊరికే నిలబెట్టావంటే కార్బరేటర్ గిన్నె విప్పి ఆ నీరు ఒంపెయ్యి.

ఇవన్నీ చేసినా లాగకపోతే అప్పుడు బోరు మాట. తాళం ఆఫ్ చేసి కిక్ నెమ్మదిగా చేత్తో నొక్కు. అడ్డం లేకుండా జారిపోతుంటే ప్లగ్గు చిల్లులో నాలుగు చుక్కలు టూటీ ఆయిలు వేసి, ప్లగ్గు బిగించి మళ్లీ నొక్కు. ఇప్పుడు బిగువు తెలిసిందంటే పిస్టన్ రింగులు, బోరు అరిగాయి. మెకానిక్ చెప్పిందే నిజం, చేయించు. తేడా తెలియకపోతే ఇంకెక్కడో లీకుంది, హెడ్డు గాస్కెట్టు, అంటే అతుకులో పెట్టే పట్టీ, చూడమను. గేరాయిలు తగ్గిపోతూ పొగ పెరుగుతుంటే క్లచ్ వైపు ఆయిల్ సీలు పోయినట్టు.

ఇందులో సగం చెల్లాయి ఎక్సెల్ హండ్రెడ్‌కి పనికిరాదు. అది ఫోర్ స్ట్రోక్, పెట్రోల్లో ఆయిలు కలపకూడదు. 2020 తర్వాతి బండి కాబట్టి కార్బరేటర్ కూడా ఉండదు. నువ్వు ఉత్సాహంకొద్దీ దాన్ని కూడా విప్పకు.

ఆదివారం పాలు పోసి వచ్చాక మొదలుపెట్టు, సాయంత్రానికి అయిపోతుంది. సైలెన్సర్ విప్పితే గాస్కెట్టు మళ్లీ పనికిరాదు, ముందే కొత్తది కొని దగ్గర పెట్టుకో. ప్లగ్గు విప్పగానే ఎండలో పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. ట్యూబ్‌లైట్ కింద తీస్తే రంగు తెలియదు.

మీ మామయ్య