సదరం ధ్రువపత్రంలో 60 శాతం ఉంటే పారాలింపిక్స్‌కు అర్హత వచ్చినట్టేనా?

మీ తమ్ముడికి పుట్టుకతోనే ఎడమ చెయ్యి బలహీనమని, సదరం ధ్రువపత్రంలో 60 శాతం వైకల్యం నమోదైందని, జావెలిన్ బాగా విసురుతున్నాడు కాబట్టి భారత జట్టుకు ప్రయత్నించడానికి ఆ పత్రం చాలునా అని అడిగారు. చాలదు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పిల్లలను పారా అథ్లెటిక్స్ పోటీలకు తీసుకువెళ్తున్న నాకు తల్లిదండ్రుల నుంచి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇదే.

ఆ శాతం పింఛనుకు, బస్సు పాసుకు, రిజర్వేషన్‌కు పనికొస్తుంది. క్రీడల్లో మాత్రం ఆ లోపం ఆ ఆటకు కావలసిన కదలికను ఎంతవరకు అడ్డుకుంటోందో పరీక్షించి ఒక క్లాసు కేటాయిస్తారు. వినికిడి పూర్తిగా లేనివారికి కూడా పారాలింపిక్స్‌లో ప్రత్యేక విభాగం లేదు. వారికి డెఫ్లింపిక్స్ వేరుగా జరుగుతాయి. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 పారిస్‌లో 400 మీటర్ల పరుగును 55.82 సెకన్లలో ముగించి కాంస్యం గెలిచింది టీ20 క్లాసులో, అంటే మేధోపరమైన లోపం ఉన్నవారి విభాగంలో. ఒక చేతికి లోపం ఉన్న జావెలిన్ క్రీడాకారులది సాధారణంగా ఎఫ్46.

క్లాసిఫికేషన్ గదిలో ఏం జరుగుతుందో ముందే తెలిసి ఉండటం మంచిది. ఫిజియోథెరపిస్టు చేతిని ఒక్కో దిశలో నొక్కిపట్టి, ఎదురు నెట్టమని చెప్పి, కండరాల బలానికి సున్నా నుంచి 5 వరకు అంకె వేస్తారు; కీలు ఎంతవరకు వంగుతుందో కొలుస్తారు. ఒకసారి ఒక తండ్రి గుమ్మం దగ్గరే కొడుకు చెవిలో "గట్టిగా నెట్టకురా" అన్నారు. లోపల ఆ అబ్బాయి చెయ్యి వదిలేయగానే పరీక్షకులు అదే కండరాన్ని మరో భంగిమలో మళ్లీ పరీక్షించారు, మర్నాడు మైదానంలో అతను విసిరే తీరునూ గమనించారు. కావాలని తక్కువ చేసి చూపితే నిషేధం పడే ప్రమాదం ఉందని దయచేసి మీ తమ్ముడికి ఇప్పుడే చెప్పండి. క్లాసిఫికేషన్ ఎంత కీలకమో టోక్యో పారాలింపిక్స్‌లో మన దేశమే చూసింది: డిస్కస్ ఎఫ్52 (కూర్చుని విసిరేవారి క్లాసు)లో కాంస్యం సాధించిన వినోద్ కుమార్‌ను పునఃపరిశీలనలో అనర్హుడిగా తేల్చడంతో ఆ పతకం పోయింది.

క్లాసు వచ్చినా ఆ క్లాసు పోటీ ఆ ఏడాది జాబితాలో ఉండాలి. 2004 ఏథెన్స్‌లో 62.15 మీటర్లతో స్వర్ణం గెలిచిన దేవేంద్ర ఝఝారియాకు 2008లోనూ 2012లోనూ ఎఫ్46 జావెలిన్ లేకపోవడం వల్ల అవకాశమే రాలేదు; 2016 రియోలో 63.97 మీటర్లు విసిరి మళ్లీ స్వర్ణం తెచ్చిన ఆయన పట్టుదలను నేను నా విద్యార్థులందరికీ చెబుతుంటాను. ఈ క్లాసులో పోటీ కూడా ఎక్కువే. పారిస్‌లో రజతం, కాంస్యం రెండూ మనవాళ్లైన అజీత్ సింగ్, సుందర్ సింగ్ గుర్జర్‌లవే. ఇద్దరూ 64 మీటర్లు దాటారు.

కాబట్టి ముందుగా నరాల, కండరాల పరీక్షల నివేదికలన్నీ ఒకచోట చేర్చి, రాష్ట్ర పారా క్రీడా సంఘం ద్వారా నమోదు చేయించి, జాతీయ పోటీల్లో క్లాసిఫికేషన్‌కు పేరు పంపించండి. ఈలోగా పెద్దల పోటీల్లో వాడే 800 గ్రాముల జావెలిన్‌తోనే సాధన చేయించి, ప్రతి వారం దూరాన్ని టేపుతో కొలిచి రాసిపెట్టండి.