కోర్సు ఫీజు కట్టకండి, ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచండి

ప్రశ్న: మాది పుత్తూరు. అమ్మాయి తిరుపతిలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. ‘సబ్‌మెరైనర్’ అని ఏదో పట్టుకుని, క్లస్టర్లను కలుపుతున్నా నాన్నా అంటూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటోంది. ప్లేస్‌మెంట్ కోచింగ్‌కు వెళ్లమంటే వినడం లేదు. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు డెవాప్స్ కోర్సుకు 60 వేలు అడుగుతున్నారు. చేర్పించమంటారా? ఈ పనికి అసలు ఉద్యోగాలు ఉన్నాయా?

జవాబు: చేర్పించకండి. మీ అమ్మాయి ఆ కోర్సు సిలబస్‌ను దాటి ముందుకెళ్లిపోయింది.

ఆమె చేస్తున్నది ఏమిటో ముందు చెప్తాను. ఇప్పుడు పెద్ద అప్లికేషన్లను కంటెయినర్లలో, అంటే నడవడానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన పెట్టెల్లాంటి వాటిలో సర్ది నడుపుతారు. ఆ కంటెయినర్లను ఏ సర్వర్ మీద పెట్టాలి, ఒకటి పడిపోతే ఇంకోటి ఎలా లేపాలి అని చూసుకునేది కుబెర్నెటిస్. గూగుల్ దాన్ని 2014లో బయటపెట్టింది. కుబెర్నెటిస్ చూసుకునే ఒక్కో సర్వర్ల గుంపు ఒక్కో క్లస్టర్. ఒకే కంపెనీకి ముంబైలో ఒక క్లస్టర్, హైదరాబాద్‌లో ఇంకోటి ఉంటే, అక్కడి సర్వీసు ఇక్కడి సర్వీసుతో నేరుగా మాట్లాడాలి. ఆ దారి వేసేదే సబ్‌మెరైనర్. గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. రాంచర్ ల్యాబ్స్‌లో పుట్టి, 2021లో ఇలాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను చూసుకునే సీఎన్‌సీఎఫ్ సంస్థ గొడుగు కిందికి వచ్చింది. కోడ్ ఎవరైనా తెచ్చుకుని బిల్డ్ చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఈ పనిలో అసలు చిక్కు అడ్రస్సుల దగ్గర ఉంటుంది. తిరుపతిలో 10-24 డోర్ నంబర్ ఇల్లు ఉంది, చిత్తూరులోనూ అదే నంబర్ ఇల్లు ఉంది అనుకోండి. ఎవరి ఊళ్లో వాళ్లు తిరిగినంతకాలం పోస్ట్‌మ్యాన్‌కు ఏ ఇబ్బందీ లేదు. రెండు ఊళ్ల ఉత్తరాలూ ఒకే సంచిలో పడితే ఏ ఇంటికివ్వాలి? అందుకే 517501, 517001 అని పిన్ కోడ్ రాస్తాం. క్లస్టర్లలోనూ ఇదే జరుగుతుంది. కైండ్ అనే టూల్‌తో ల్యాప్‌టాప్‌లో రెండు క్లస్టర్లు లేపితే, మనం మార్చకపోతే రెండింట్లోనూ పాడ్‌ల (కంటెయినర్లు ఉండే చిన్న గదుల్లాంటివి) అడ్రస్సులు 10.244.0.0/16 నుంచే వస్తాయి. వాటిని అలాగే కలపబోతే అడ్రస్సులు కొట్టుకుంటాయి. సబ్‌మెరైనర్‌లో దీనికి గ్లోబల్‌నెట్ అనే ఏర్పాటు ఉంది. ఒక్కో క్లస్టర్‌కు వేరే అడ్రస్సుల వరస కేటాయిస్తుంది, అచ్చం పిన్ కోడ్ లాగే.

మీ అమ్మాయి ఇక్కడే ఆగి, చేత్తో చేసి నేర్చుకోవాలి. పోయిన నెల బాలాజీ కాలనీలో ఒక కుర్రాడు నన్ను కలిశాడు. రెజ్యూమెలో 14 టూల్స్ పేర్లు ఉన్నాయి. ‘/16 అంటే ఎన్ని అడ్రస్సులు నాయనా?’ అని అడిగితే తల వంచుకున్నాడు. 65,536. చెప్పలేకపోవడం వాడి తప్పు కాదు. డబ్బు తీసుకున్నవాళ్లు కమాండ్లు నేర్పించారు గానీ, వాటి వెనక ఏం జరుగుతుందో చెప్పలేదు. నాకు చాలా బాధేసింది.

ఉద్యోగాల మాట. క్లస్టర్లను కలిపే పనికే నేరుగా ఫ్రెషర్లను తీసుకోవడం అరుదు. క్లౌడ్ సపోర్టులోనో, డెవాప్స్ ట్రైనీగానో లోపలికి వెళ్లి, రెండు మూడేళ్లలో అటువైపు జరుగుతారు. కాబట్టి కోచింగ్ విషయంలో మీ మాటలోనూ న్యాయం ఉంది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షతోనే వడపోస్తాయి. రోజుకు ఒక గంట వాటికి ఇవ్వమనండి. అంతకు మించి లాగకండి.

ఆ 60 వేలలో కొంత పెట్టి ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 16 జీబీకి పెంచండి. 8 జీబీతో రెండు క్లస్టర్లు లేపితే ఫ్యాన్ మోగడం తప్ప పని సాగదు. మిగతాది దాచండి. ఉద్యోగంలో చేరే ముందు కుబెర్నెటిస్ నడపడం వచ్చని చూపే సీకేఏ సర్టిఫికెట్ పరీక్ష రాయాలనుకుంటే పనికొస్తుంది. అది బిట్లు పెట్టే పరీక్ష కాదు. రెండు గంటలు టెర్మినల్ ముందు కూర్చుని నిజం క్లస్టర్ల మీద పని చేసి చూపించాలి, పాసవ్వడానికి 66 శాతం రావాలి.

ఇక్కడి నుంచి అమ్మాయికి చదివి వినిపించండి.

అమ్మా, మొదట రెండు క్లస్టర్లనూ ఒకే అడ్రస్సుల వరసతో లేపి, గ్లోబల్‌నెట్ లేకుండా కలపడానికి చూడు. ఏ ఎర్రర్ వచ్చిందో అక్షరం పొల్లుపోకుండా రాసుకో. కైండ్‌లో ఇంకో గుంట ఉంది. క్లస్టర్‌ను ఎలా చేరాలో రాసి ఉండే కుబ్‌కాన్ఫిగ్ ఫైల్‌లో సర్వర్ అడ్రస్సు 127.0.0.1 అని ఉంటుంది. అంటే ‘నేనే’ అని అర్థం. క్లస్టర్లు ఒకదాని వివరాలు ఇంకోటి తెలుసుకునే చోటు బ్రోకర్. దాని అడ్రస్సుగా అదే వెళ్తే, రెండో క్లస్టర్ బ్రోకర్ కోసం తన ఇంట్లోనే వెతుక్కుంటుంది. కారణం నీకే తట్టాక సరిచెయ్యి. రెండూ కలిశాక ఒక సర్వీసును ఎక్స్‌పోర్ట్ చేసి, అవతలి క్లస్టర్ నుంచి ‘క్లస్టర్‌సెట్ డాట్ లోకల్’ పేరుతో పిలిచి చూడు. డాక్యుమెంటేషన్‌లో తప్పు కనిపిస్తే చిన్నదైనా సరే, సవరించి పంపు. కమిట్ చేసేటప్పుడు సైన్ ఆఫ్ (నీ పేరు, ఈమెయిల్‌తో ఉండే వరస) మర్చిపోకు, అది లేకపోతే తీసుకోరు. ఇంటర్వ్యూలో ఆ ఒక్క సవరణ గురించే పావుగంట మాట్లాడొచ్చు.

ఒక ప్యాకెట్ మొదటి క్లస్టర్‌లోని పాడ్ దగ్గర బయల్దేరి, గేట్‌వే దాటి, టన్నెల్‌లో పడి అవతలి పాడ్‌కు ఎలా చేరిందో కాగితం మీద బొమ్మ గీయి. ఎక్కడెక్కడ అడ్రస్సు మారిందో పక్కన రాయి. దాన్ని ముందు నాన్నకు చూపించి చెప్పు, తర్వాత ఫొటో తీసి నాకు పంపు. చదివి జవాబు రాస్తాను.